సదరం స్లాటు నుంచి నెల పింఛను దాకా: పని చేయలేని వారు దివ్యాంగ పింఛనుకు దరఖాస్తు చేయడం ఎలా?

ప్రమాదంలో నడుము దెబ్బతిన్నా, పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయినా, చూపో వినికిడో తగ్గి పనికి పిలిచేవారే లేకపోయినా, ఆంధ్రప్రదేశ్‌లో ఇంటిల్లిపాదీ ముందుగా తలచుకునేది దివ్యాంగ పింఛనునే. దరఖాస్తు మొదలుపెట్టే ముందు మీరు ఒక సంగతి గట్టిగా మనసులో పెట్టుకోవాలి. ఈ పింఛను ఇచ్చేవారు మీరు పని చేయగలరా లేదా అని అడగరు. మీ శరీరంలో లోపం ఎంత శాతం ఉందని అడుగుతారు. పరంజా ఎక్కలేక కూలి పోగొట్టుకున్న తాపీ మేస్త్రీకి 35 శాతమే వస్తే పింఛను రాదు. కిరాణా కొట్టులో గల్లా ముందు కూర్చుని నెట్టుకొస్తున్న మరొకరికి 60 శాతం ఉంటే వస్తుంది. ఇందులోని న్యాయాన్యాయాల మాట అటుంచి, మీ ప్రయత్నమంతా రెండింటి మీద పెట్టండి: ఆ శాతం ఉన్నది ఉన్నట్టుగా నమోదు కావాలి, మీ పేరున ఉన్న రికార్డులన్నీ ఒకే మాట చెప్పాలి.

ఎవరికి ఎంత వస్తుంది

రాష్ట్రంలో ఎన్టీఆర్ భరోసా పేరుతో నడుస్తున్న పథకం కింద 2024 జూలై 1 నుంచి 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి నెలకు 6,000 రూపాయలు ఇస్తున్నారు. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికీ, కండరాల క్షీణత వ్యాధి తీవ్రంగా ఉన్నవారికీ, ప్రమాదాల్లో అదే స్థితికి చేరినవారికీ 15,000 రూపాయలు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇంటింటా కనిపించే దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధికి 10,000 రూపాయల వర్గం వేరుగా ఉంది. అక్కడ వైకల్య శాతం కంటే ఆసుపత్రి రికార్డే ప్రధానం. వృద్ధులకు, వితంతువులకు ఇచ్చేది 4,000 రూపాయలు. దివ్యాంగులకు ఇచ్చే మొత్తం అలాంటి ఇతర పథకాల కంటే కనీసం 25 శాతం ఎక్కువగా ఉండాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షనులోనే రాసి ఉంది.

ఈ చట్టం గుర్తించిన వైకల్యాలు 21. అంతకుముందున్న 1995 నాటి చట్టంలో ఏడే ఉండేవి. పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, తలసీమియా, హీమోఫీలియా, మన్యం ప్రాంతంలో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్, యాసిడ్ దాడి వల్ల కలిగిన వైకల్యం వంటివి కొత్త చట్టంలో చేరాయి. మానసిక వ్యాధి పాత చట్టంలోనూ ఉంది, కొత్త దానిలోనూ ఉంది. కాబట్టి కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి కదా, మనకెందుకిస్తారు అని ముందే వెనక్కి తగ్గవలసిన పని లేదు.

పనిచేసిన చోటు నుంచి రావలసినది ముందు చూసుకోండి

సదరం, అంటే ప్రభుత్వ ఆసుపత్రిలో వైకల్య శాతాన్ని కొలిచి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి గురించి అందరూ చెబుతారు గానీ దీని గురించి చెప్పేవారు తక్కువ. మీరు గాయపడే నాటికి ఏదైనా ఫ్యాక్టరీలోనో, దుకాణంలోనో, సెక్యూరిటీ ఏజెన్సీలోనో జీతానికి పనిచేస్తూ ఉంటే, పాత జీతం చీటీ వెతికి అందులో పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (కార్మికుల బీమా) కోతలు ఉన్నాయేమో చూడండి. ఈఎస్ఐ ఉన్నవారికి పనిలో గాయమై పనికి వెళ్లలేని కాలమంతా జీతంలో 90 శాతం చొప్పున భత్యం వస్తుంది. గాయం శాశ్వతమైతే ఈఎస్ఐ వైద్య మండలి కూర్చుని సంపాదన శక్తి ఎంత తగ్గిందో లెక్కగట్టి నెలనెలా ఇచ్చే మొత్తాన్ని నిర్ణయిస్తుంది. గమనించండి, సదరం కొలిచేది శరీరాన్ని, ఈఎస్ఐ కొలిచేది సంపాదనను. ఒకే వేలు తెగినా దర్జీకీ కాపలాదారుకూ కలిగే నష్టం ఒకటి కాదన్న ఇంగితం ఈ రెండో లెక్కలో కొంతైనా ఉంది.

పీఎఫ్ ఉన్నవారు ఉద్యోగంలో ఉండగానే శాశ్వతంగా, పూర్తిగా పనికి దూరమైతే, 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం కింద 10-డి ఫారంతో వైకల్య పింఛను కోరవచ్చు. మామూలు పింఛనుకు పదేళ్ల సర్వీసు ఉండాలి గానీ దీనికి ఆ షరతు లేదు. ఒక్క నెల చందా జమ అయి ఉన్నా చాలు. ఈఎస్ఐ వర్తించని చోట పనిలో గాయపడితే యజమాని నుంచి పరిహారం కోరే హక్కు ఉంది. అందుకు కార్మిక శాఖ అధికారులను ఆశ్రయించాలి. దానికి కాలపరిమితి ఉంటుంది కాబట్టి, కాలు బాగయ్యాక చూద్దామని కూర్చోవద్దు.

ఇక కూలి పని చేసుకునేవారు బ్యాంకు పాసుపుస్తకం తెరిచి ప్రతి ఏడాదీ మే నెలాఖరు ప్రాంతంలో 20 రూపాయల కోత ఏమైనా ఉందేమో వెతకాలి. ఉంటే అది ప్రధానమంత్రి సురక్షా బీమా. బ్యాంకు గుమాస్తా చెప్పిన చోటల్లా సంతకం పెట్టి, ఆ బీమా ఉన్న సంగతే మరిచిపోయినవారు లెక్కలేనంతమంది. ప్రమాదంలో రెండు కళ్లో, రెండు చేతులో, రెండు కాళ్లో పూర్తిగా పోతే 2 లక్షలు, ఒక కన్నో ఒక చెయ్యో ఒక కాలో పోతే 1 లక్ష ఆ బీమా కింద వస్తాయి. ప్రమాదం జరిగిన 30 రోజుల లోపు బ్యాంకుకు క్లెయిము ఫారం ఇవ్వడం మంచిది. పోలీసు కేసు నమోదు పత్రం, ఆసుపత్రి పత్రాలు జత చేయాలి. ప్రమాదమైన రోజు పోలీసులదాకా ఎందుకులే అని ఊరుకున్నవారికి తరువాత చేయగలిగేది చాలా తక్కువ.

సదరం స్లాటు తీసుకోవడం

పింఛనుకు పునాది సదరం ధ్రువపత్రం. దీనికి ఆసుపత్రికి నేరుగా వెళితే పని జరగదు. మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో గానీ మీసేవలో గానీ ఆధార్ చూపించి స్లాటు తీసుకోవాలి. వైకల్యం ఏ రకమో చెబితే, ఆ నిపుణుడు కూర్చునే ఆసుపత్రి, తేదీ నిర్ణయమై మీ చేతికి చీటీ వస్తుంది. స్లాట్లను విడతల వారీగా విడుదల చేస్తారు, అవి చూస్తుండగానే నిండిపోతాయి. ఎప్పుడు తెరుస్తారో సచివాలయంలోని డిజిటల్ అసిస్టెంటుకు ముందే తెలుస్తుంది కాబట్టి, వారి ఫోను నంబరు మీ దగ్గర, మీ నంబరు వారి దగ్గర ఉండేలా చూసుకోండి.

స్లాటుకు వెళ్లేముందు ఆధార్ కార్డులోని పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేదో చూడండి. ఆధార్‌లో ఒక అక్షరం తప్పుంటే సదరంలోనూ అదే తప్పు వస్తుంది. రేషను కార్డులో పేరు ఇంకో రకంగా ఉంటుంది. ఆరు నెలల తరువాత పింఛను దరఖాస్తు దగ్గర ఈ రెండూ కలవడం లేదని చెబుతారు. ఆధార్ సవరణ రెండు మూడు వారాల పని. సదరం వచ్చాక దానిలోని పేరు మార్పించడం అంతకు ఎన్నో రెట్ల తిరుగుడు. అందుకే ముందు ఆధార్, తరువాతే సదరం.

ఇంకొక జాగ్రత్త. చికిత్స నడుస్తుండగా, శస్త్రచికిత్స ఇంకా చేయవలసి ఉండగా సదరం పరీక్ష చేసే వైద్య బోర్డు ముందుకు వెళితే శాశ్వత వైకల్యమని రాయడానికి వైద్యులు ఇష్టపడరు. కొంతకాలానికే చెల్లే తాత్కాలిక ధ్రువపత్రం ఇస్తారు, లేదా మళ్లీ రమ్మంటారు. చికిత్స ముగిసి ఇక ఇంతకంటే మెరుగుపడదని మీ వైద్యుడు చెప్పిన తరువాత, ఆ మాటను ఆయన చేతే రాయించుకుని వెళ్లడం మేలు.

సంచిలో ఏమేమి ఉండాలి

ఆధార్, రేషను కార్డు, స్లాటు చీటీ అసలు పత్రాలు, నకళ్లు ఎలాగూ తీసుకువెళతారు. బోర్డు ముందు పలికేవి వైద్య రికార్డులు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రే ఫిలిములు, ఎంఆర్ఐ రిపోర్టు, నరాల పరీక్షలు, చెవి పరీక్ష గ్రాఫు, మందుల చీటీలు, వీటన్నింటినీ పాతవి కింద, కొత్తవి పైన ఉండేలా తేదీల వారీగా పేర్చి ఒక ఫైలులో పెట్టండి. ఎక్స్‌రేలను మడతపెట్టకూడదు. వేడితో అచ్చయ్యే నున్నటి (థర్మల్) కాగితంపై తీసుకున్న ప్రింట్లు కాలక్రమంలో వెలిసిపోతాయి గనుక ముందే నకలు తీసి ఉంచండి. ఒక వైద్యుడు ఒక మనిషిని చూసేది ఐదారు నిమిషాలు. ఆ కొద్ది సమయంలో సంచి తలకిందులుగా గుమ్మరించి వెతుక్కునే పరిస్థితి తెచ్చుకోవద్దు.

వదులు దుస్తులు వేసుకువెళ్లండి. మోకాలి పైకి మడవడానికి వీలయ్యే లుంగీయో, పక్కనుంచి తీయగలిగే చీరో ఉంటే పరీక్ష సులువవుతుంది. కర్ర, క్యాలిపర్ (కాలికి ఆసరాగా కట్టుకునే పరికరం), వినికిడి యంత్రం, కళ్లజోడు, మీరు రోజూ వాడేది ఏదైనా సరే వెంట ఉండాలి. తోడు ఒకరుండాలి, ముఖ్యంగా మానసిక వ్యాధి, బుద్ధిమాంద్యం విషయాల్లో ఆ మనిషితో రోజంతా గడిపేవారే రావాలి. పొద్దున్నే తినివెళ్లి, నీళ్ల సీసా పట్టుకుని, రోజంతా పడుతుందనుకుని బయలుదేరండి.

బోర్డు ముందు

ఎముకల వైద్యుడు కీలు ఎంత వంగుతుందో ఒక కోణం కొలిచే పరికరంతో చూస్తారు, కండర బలాన్ని 0 నుంచి 5 వరకు అంకెల్లో వేస్తారు, రెండు కాళ్ల పొడవును టేపుతో కొలుస్తారు. చెవి విషయంలో గదిలో కూర్చోబెట్టి శబ్దాలు వినిపించి ఏ స్థాయిలో వినబడుతోందో గ్రాఫు గీస్తారు. చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 70 డెసిబెళ్ల నష్టం ఉంటే బధిరులు, 60 నుంచి 70 మధ్య అయితే వినికిడి తక్కువైనవారు. ఒక చెవే పోయి రెండోది బాగా వినిపిస్తుంటే ఆ లెక్కలోకి రారు. కంటి విషయంలోనూ ఇంతే. ఒక కన్ను పూర్తిగా పోయి రెండో కంటి చూపు సరిగ్గా ఉంటే వేసేది 30 శాతమే. ఒంటికన్నుతో లారీ నడపనివ్వరు, వెల్డింగు పనికి పిలవరు, అయినా పింఛను గీత 40 దగ్గరే ఉంది. ఈ ముప్పై శాతం మాట తెలియక ఏటా స్లాటు తీసుకుని నిరాశతో తిరిగి వచ్చేవారున్నారు.

మానసిక వ్యాధికి వాడే కొలమానం కొంత వేరు. అందులో తన పని తాను చేసుకోవడం, పదిమందితో మెలగడం, మాట్లాడడం, అర్థం చేసుకోవడం, ఉద్యోగమో ఇంటిపనో చేయడం, ఇవన్నీ అడుగుతారు. పని గురించి సూటిగా అడిగే చోటు ఇదొక్కటే. కాబట్టి వెంట వచ్చినవారు "బాగానే ఉంటాడండీ, మందులేసుకుంటే చాలు" అని పరువు కోసం చెప్పే మాట ఇక్కడ చేటు చేస్తుంది. ఏ తేదీ నుంచి పనికి వెళ్లడం లేదు, స్నానం ఎవరు గుర్తు చేయాలి, రాత్రిళ్లు ఏం జరుగుతోంది, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఉన్నదానికంటే ఎక్కువ చెప్పడమూ మంచిది కాదు. వినిపిస్తున్నా వినిపించనట్టు నటిస్తే పరీక్ష గ్రాఫులు ఒకదానికొకటి కలవవు, అనుమానం వచ్చిన వైద్యుడు మెదడు స్పందనను కొలిచే పరీక్షకు పంపిస్తారు. ఆసుపత్రి గేటు దగ్గర శాతం పెంచి ఇప్పిస్తామని చెప్పే దళారులకు డబ్బివ్వడం మరీ ప్రమాదం. మోసంతో దివ్యాంగుల ప్రయోజనాలు పొందితే 2016 నాటి చట్టం 91వ సెక్షను కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ శిక్ష పడేది పత్రం పట్టుకున్న మీకు, పక్కకు తప్పుకున్న దళారికి కాదు.

శాతాలు ఎలా కూడతారు

చాలామందికి తెలియక నష్టపోయే చోటు ఇదే గనుక కొంచెం ఆగి చూద్దాం. మీకు రెండు చోట్ల లోపం ఉంటే ఆ రెండు శాతాలనూ మామూలుగా కూడరు. పెద్ద అంకెను అలాగే ఉంచి, 90 లోంచి దాన్ని తీసివేయగా మిగిలినదాన్ని చిన్న అంకెతో హెచ్చించి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద అంకెకు కలుపుతారు. కాలికి 30 శాతం, చేతికి 20 శాతం వచ్చాయనుకోండి. 90 లోంచి 30 పోతే 60. దాన్ని 20తో హెచ్చిస్తే 1,200. 90తో భాగిస్తే 13 పైచిలుకు. మొత్తం 43 శాతం. యాభై కాదు, అయినా గీత దాటింది.

మా మేనమామ గుంటూరు వైపు తాపీ పని చేసేవాడు. రెండో అంతస్తు పరంజా నుంచి పడి కుడికాలు తొడ దగ్గర, ఎడమ మణికట్టు దగ్గర విరిగాయి. కాలికి ప్లేటు వేశారు, అది పొట్టిపడింది. చేతికి కట్టు కట్టారు, ఎముక అతుక్కుంది గానీ మణికట్టు వెనక్కి వంగదు, బొచ్చె నిండా సిమెంటు ఎత్తలేడు. సదరానికి వెళ్లిన రోజు కాలు ఒక్కటే చూపించి వచ్చాడు. 34 శాతం రాశారు. "చెయ్యి చూపించలేదా మామయ్యా" అంటే, "కాలు గురించి వెళ్లాం కదరా, చెయ్యి మధ్యలో ఎందుకు" అన్నాడు. రెండోసారి పరీక్షకు చేతి ఎక్స్‌రే కూడా పట్టుకుని వెళ్లాం. మణికట్టుకు 12 శాతం వేశారు. లెక్క కట్టి చూడండి, 34తో కలిపితే 41 దాటుతుంది. చెప్పకుండా వదిలేసిన ఆ మణికట్టుకు ఏడాది కాలం పట్టింది.

అందువల్ల ఇంటి దగ్గరే తల నుంచి పాదం దాకా ఒక పట్టిక రాసుకోండి. ముఖ్యమైన లోపంతో పాటు తగ్గిన వినికిడి, మందగించిన చూపు, ముడుచుకుపోయిన వేళ్లు, అన్నీ అందులో రాయండి. వేరు వేరు నిపుణులు చూడవలసినవైతే, బహుళ వైకల్యం కింద స్లాటు కావాలని సచివాలయంలోనే అడగండి.

ధ్రువపత్రం చేతికి వచ్చాక

దాన్ని అక్కడే నిలబడి చదవండి. పేరు, తండ్రి లేదా భర్త పేరు, వైకల్య రకం, శాతం, శాశ్వతమా తాత్కాలికమా, తాత్కాలికమైతే ఎప్పటివరకు చెల్లుతుంది, ఈ ఆరింటినీ వేలుపెట్టి చూసుకోండి. తాత్కాలికమైతే గడువు ముగిసే తేదీకి మూడు నెలల ముందే కొత్త స్లాటు కోసం ప్రయత్నం మొదలుపెట్టాలని గోడ క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.

దీనితో పాటు దేశమంతటా చెల్లే యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) కూడా ఉండాలి. ఆ కార్డులు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు స్వావలంబన్ పోర్టల్‌లో మీ పేరు ఉందో లేదో చూసి, లేకపోతే దరఖాస్తు చేయండి. దీనికి రుసుము లేదు. ఆ కార్డు మీద గీత 40 లోపువారికి తెలుపు, 40 నుంచి 80 లోపు వారికి పసుపు, ఆపైన నీలం. బెంగళూరులోనో చెన్నైలోనో పని కోసం స్థిరపడిన తెలుగువారికి కార్డు అక్కడ కూడా పనికివస్తుంది గానీ, పింఛను మాత్రం నివాసం ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం నిబంధనల ప్రకారమే ఉంటుంది.

శాతం తక్కువ వస్తే

ధ్రువీకరించిన అధికారి నిర్ణయం మీద అప్పీలు చేసుకునే హక్కును చట్టంలోని 59వ సెక్షను ఇచ్చింది. అప్పీలు కాగితంలో అన్యాయం జరిగిందని రాస్తే ప్రయోజనం లేదు. ఏ లోపాన్ని లెక్కలోకి తీసుకోలేదు, ఏ రిపోర్టు ఏ తేదీన ఏం చెబుతోంది, ఈ రెండే రాయండి. కొత్తగా తీయించిన రిపోర్టు ఒకటి జత చేస్తే బలం పెరుగుతుంది. 2025లో ప్రభుత్వం పాత దివ్యాంగ పింఛనుదారులను తిరిగి పరీక్షించి, 40 శాతం కంటే తక్కువ వచ్చినవారికి నోటీసులు ఇచ్చినప్పుడు, గ్రామాల్లో ఎంపీడీఓకు (మండల పరిషత్ అభివృద్ధి అధికారికి), పట్టణాల్లో మున్సిపల్ కమిషనరుకు అప్పీలు పెట్టుకునే వీలు కల్పించారు. అలాంటి నోటీసు మీ చేతికి వస్తే ఏ తేదీన అందిందో దాని మీదే రాసుకుని, గడువు లోపల అప్పీలు ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. నోటీసు తీసుకోవడానికి నిరాకరిస్తే ఆగిపోతుందని కొందరు అనుకుంటారు, ఆగదు.

సచివాలయంలో పింఛను దరఖాస్తు

గ్రామంలో అయితే వెల్ఫేర్ అసిస్టెంటు, పట్టణంలో అయితే వార్డు సంక్షేమ కార్యదర్శి ఈ దరఖాస్తు చూస్తారు. సదరం ధ్రువపత్రం, ఆధార్, రేషను కార్డు, ఆధార్‌తో జతపడిన ఫోను నంబరు ఉండాలి. కొత్త దరఖాస్తులను ఏడాది పొడవునా తీసుకోరు, ప్రభుత్వం విడత ప్రకటించినప్పుడే తీసుకుంటారు. విడత ఎప్పుడు తెరుచుకున్నా ఆ రోజే ఇవ్వగలిగేలా కాగితాలన్నీ సిద్ధంగా ఉంచుకోవడమే మీరు చేయగలిగింది. ఈలోపు మీ అవసరం తెలుపుతూ కలెక్టరేటులో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోవచ్చు. దానివల్ల వెంటనే మంజూరవుతుందని చెప్పను, కానీ మీరు అడిగినట్టు ఒక ఆధారం ఉంటుంది.

దరఖాస్తు కంప్యూటర్‌లోకి ఎక్కగానే పలు అంచెల పరిశీలన మొదలవుతుంది. ఇక్కడ మీ వైకల్యం ఊసు ఉండదు, మీ కుటుంబం పేదదా కాదా అని రికార్డులు తేలుస్తాయి. కుటుంబ ఆదాయం గ్రామాల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 రూపాయలు మించకూడదు. భూమి మాగాణి అయితే 3 ఎకరాల లోపు, మెట్ట అయితే 10 ఎకరాల లోపు, రెండూ కలిసినా 10 ఎకరాలకు మించకుండా ఉండాలి. కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్ల లోపు ఉండాలి. ప్రభుత్వ ఉద్యోగి గానీ ప్రభుత్వ పింఛనుదారు గానీ కుటుంబంలో ఉండకూడదు. పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు ఉంది. సొంత కారు ఉండకూడదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు ఉంటే ఫరవాలేదు. ఆదాయపు పన్ను కట్టేవారు ఉండకూడదు. పట్టణాల్లో వెయ్యి చదరపు అడుగులు మించిన ఇల్లు ఉండకూడదు.

చదివితే తేలికగానే కనిపిస్తుంది. కొన్ని చోట్ల చిక్కుముళ్లు పడతాయి. అద్దె ఇంట్లో ఉండగా యజమాని కరెంటు మీటరుకు మీ ఆధార్ జతపడి ఉంటే, మీరు ఇల్లు ఖాళీ చేసి ఏళ్లయినా ఆ మీటరు యూనిట్లన్నీ మీ ఖాతాలోనే పడతాయి. విద్యుత్ కార్యాలయంలో అర్జీ ఇచ్చి ఆధార్‌ను విడదీయించి, ఆ కాగితాన్ని సచివాలయంలో ఇవ్వాలి. పాత కారును పదివేలకో ఇరవై వేలకో అమ్మేసి ఆర్‌సీ మార్పించనివారి పేర ఆ కారు అలాగే ఉంటుంది. రవాణా శాఖలో బదిలీ పూర్తి చేయించాలి. కొడుకు బైకు లోను కోసం ఏజెంటు చేత ఆదాయపు పన్ను రిటర్ను వేయించి ఉంటాడు, ఒక్క రూపాయి పన్ను కట్టకపోయినా ఆ ఇంటి మీద ఎర్రగీత పడవచ్చు; రిటర్ను నకలు చూపి సున్నా పన్ను అని రుజువు చేసుకోవాలి. పెళ్లయి వేరుపడిన కొడుకు ఉద్యోగస్థుడైతే, అతని పేరు ఇంకా మీ ఇంటి మ్యాపింగులోనే, అంటే సచివాలయంలో నమోదైన మీ కుటుంబ సభ్యుల జాబితాలోనే ఉంటే అర్హత పోతుంది. అతని కుటుంబాన్ని విడిగా మ్యాప్ చేయించుకోవాలి. ఇవి సరిచేయడానికి నెలలు పడుతుంది గనుక విడత వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే సచివాలయంలో మీ కుటుంబ వివరాలు తెరిపించి చూసుకోండి. ఏ అంచెలో ఆగిందో చెప్పకుండా "రిజెక్ట్ అయింది" అని మాత్రమే చెబితే, కారణం ఉన్న తెరను చూపించమని మర్యాదగా, గట్టిగా అడగండి.

తెలంగాణలో

చేయూత పేరుతో నడిచే దివ్యాంగ పింఛను 2023 జూలై నుంచి నెలకు 4,016 రూపాయలు. అక్కడ 2025 నుంచి పరీక్ష, ధ్రువీకరణ యూడీఐడీ పోర్టల్ ద్వారా జరుగుతున్నాయి. దరఖాస్తు గ్రామాల్లో ఎంపీడీఓ కార్యాలయంలో, పట్టణాల్లో మున్సిపల్ కార్యాలయంలో ఇవ్వాలి. వైకల్యాన్ని కొలిచే మార్గదర్శకాలు కేంద్రానివే కాబట్టి పైన చెప్పిన శాతాల లెక్క అక్కడా వర్తిస్తుంది.

మంజూరు తరువాత

ఆంధ్రప్రదేశ్‌లో పింఛను ప్రతి నెలా 1న, ఆ రోజు సెలవైతే ముందు రోజున, సచివాలయ ఉద్యోగి ఇంటికే తెచ్చి ఇస్తారు. వేలిముద్ర పడకపోతే కనుపాప, అదీ కుదరకపోతే ముఖం చూపి గుర్తింపు పొందే మార్గాలున్నాయి. సిమెంటు, సున్నం, పొగాకు పనులు చేసినవారి వేళ్ల గీతలు అరిగిపోయి ఉంటాయి. ముందు రోజు రాత్రి కొబ్బరినూనె రాసి, పొద్దున సబ్బుతో కడిగి తుడుచుకుంటే కొన్నిసార్లు పడతాయి. చికిత్స కోసం వేరే ఊరు వెళ్లి ఒకటి రెండు నెలలు తీసుకోలేకపోయినా మూడో నెల వచ్చినప్పుడు బకాయి కలిపి ఇస్తారు. వరుసగా మూడు నెలలు దాటితే శాశ్వతంగా వలస వెళ్లినట్టు భావించి ఆపివేస్తారు కాబట్టి, ఎక్కువ రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వస్తే ఆ సంగతి ముందే సచివాలయంలో రాతపూర్వకంగా ఇచ్చి, ఒక నకలు మీద తేదీ, సంతకం వేయించుకుని ఇంట్లో ఉంచండి.